పక్కింటి పటం: పని డైరీ

36 అంగుళాల పన్నా, 18 అడుగుల పొడవున్న గుడ్డ పటం ఇది. రెండు గొట్టాల మధ్య చుట్టి ఉంటుంది. బస్తీల్లో సాయంత్రం పూట విప్పుకుంటూ, ఇళ్లలో ఆడవాళ్లు పడే దెబ్బల గురించి కథ చెప్పడానికి చేశాను. చిలకలగూడలో మా మేడ మీది రేకుల షెడ్డులో ఎండాకాలం చివర మొదలైన పని దసరాకు ముందు ఒక కొలిక్కి వచ్చింది. ఎందుకు మొదలుపెట్టానన్నది వదిలేస్తున్నాను. ఇలాంటిది చేసుకోవాలనుకునేవాళ్లకు పనికొచ్చేది కొలతలు, చెడిపోయినవి, మార్చినవి. అవే రాస్తాను.

గోడ మీద వేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. ఖైరతాబాద్ పక్కన మక్తాలో గోడల నిండా ఉన్న బొమ్మలు చూసి నాకూ మొదట గోడ మీదే మనసు పడింది. కానీ ఈ సంగతి గోడ మీద గీస్తే, దాని ముందు ఆగి చూసే ఆడమనిషిని వీధి వీధంతా చూస్తుంది. పటమైతే భుజాన వేసుకుని ఆడవాళ్ల పొదుపు సంఘం మీటింగు గదిలోకి పోయి, తలుపు దగ్గరికేసి విప్పొచ్చు. పటం కథ మనకు కొత్తది కూడా కాదు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు, కూనపులివాళ్లు పద్మశాలీలకు, డక్కలివాళ్లు మాదిగలకు పటాలు విప్పి కథలు చెప్పినవాళ్లే. ఆ పటాలు గీసినవాళ్లు చేర్యాల నకాషీలు. నేను నకాషీల ఇంటి పిల్లను కాను కాబట్టి దీన్ని చేర్యాల పటమని ఎక్కడా చెప్పను. గుడ్డ తయారీ మాత్రం అక్కడిదే.

దశ 1: గుడ్డ, జిగురు, సుద్ద

ఖాదీ తప్ప వేరే గుడ్డ వద్దు. మిల్లు గుడ్డ ముక్కకు పూత వేస్తే ఎండాక పొరలు పొరలుగా లేచింది. ఖాదీ నేతలో ఉన్న గరుకే పూతను పట్టి ఉంచుతుంది. కొత్త గుడ్డను ఉడుకు నీళ్లలో నానబెట్టి గంజి వదిలించాలి. 7 మీటర్లు తడిపి ఆరేస్తే 22 సెంటీమీటర్లు తగ్గింది. ఈ తరుగును లెక్కలో వేసుకున్నాకే బొమ్మల గీతలు పెట్టుకోవాలి.

జిగురుకు చింతగింజలు బేగంబజార్‌లో దొరికాయి.

1. గింజలు వేయించి, దంచి, పొట్టు పూర్తిగా తీయాలి. పొట్టు మిగిలితే జిగురు ఎర్రబడుతుంది, తర్వాత తెల్ల పూత కూడా మాసినట్టు కనిపిస్తుంది.
2. రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బాలి. మిక్సీ అయితే కొంచెం కొంచెంగా వేయాలి. ఎక్కువ వేస్తే మోటారు వాసనొస్తుంది.
3. ముద్దకు ఆరింతలు నీళ్లు పోసి, సన్న సెగ మీద కలుపుతూ ఉడకనివ్వాలి. గరిటె ఎత్తితే తీగ సాగాలి.
4. పలుచటి గుడ్డలో వడగట్టాలి. పలుకు మిగిలిన చోట కుంచె తట్టుకుంటుంది.

పూతలో మొదట నాలుగు పాళ్లు సుద్ద, ఒక పాలు జిగురు వేశాను, తూకం ప్రకారం. ఆరాక తెల్లగా, నున్నగా, చూడటానికి బ్రహ్మాండంగా వచ్చింది. చుట్టగానే ఫెళ్లుమంది. ఆ ముక్కలు చేర్యాలకు తీసుకుపోయి ఒక పెద్ద నకాషీకి చూపించాను. ఆయన వేలి మీద మడిచి చూసి, "గోడకు సున్నమేసినవా, గుడ్డకేసినవా? పటమంటే ఒంగాలె బిడ్డా" అన్నాడు. సుద్ద సగానికి తగ్గించమన్నాడు. తుమ్మ జిగురు నీళ్లు చేర్చమన్నాడు. రెండో పూత మొదటిదానికి అడ్డంగా వేయమన్నాడు.

ఇప్పుడు వాడుతున్న పాళ్లు: సుద్ద 2, చింతగింజల జిగురు 1, తుమ్మ జిగురు నీళ్లు పావు. దోసెల పిండి కంటే కాస్త పలుచన. మూడు పూతలు, మూడూ నీడలో ఆరాలి. ఎండలో పెడితే అంచులు ముందే బిగిసి గుడ్డ దొన్నెలా లేస్తుంది. ఆఖరి పూత ఆరాక నున్నటి గులకరాయితో రుద్దాలి. స్నేహితుడి దగ్గర వర్నియర్ తెచ్చి కొలిచాను. ఉత్త గుడ్డ 0.4 మిల్లీమీటర్లు, పగిలిన ముక్క 1.3, ఒంగిన ముక్క 0.7. మీ దగ్గర కొలిచే పరికరం లేకపోతే, పూత కింద నేత పోగులు లీలగా కనబడేంత వరకే వేయండి.

ఖర్చు: గుడ్డ 7 మీటర్లు 1,470, చింతగింజలు 2 కిలోలు 90, సుద్ద 5 కిలోలు 125, తుమ్మ జిగురు అర కిలో 240.
ఇప్పటిదాకా మొత్తం: 1,925 రూపాయలు.

దశ 2: బూజు, పగుళ్లు

బోనాలు మొదలయ్యేసరికి వాన పట్టుకుంది. రేకుల షెడ్డులో పగలు ఉక్క, రాత్రి చెమ్మ. గుడ్డ వెనక వైపు బూడిద, ఆకుపచ్చ చుక్కలు తేలాయి. చింతగింజల జిగురంటే బూజుకు విందు భోజనమే. పుస్తకాలు బైండింగు చేసేవాళ్లు తమ జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు, అదే దారి పట్టాను.

1. కిలో జిగురుకు 5 గ్రాముల మైలుతుత్తం.
2. వేడి నీళ్లలో విడిగా కరిగించి, జిగురు దించాక కలపాలి.
3. ప్లాస్టిక్ మగ్గు గానీ మట్టి పాత్ర గానీ వాడాలి. ఇనుము, అల్యూమినియం గిన్నెలను అది తినేస్తుంది, జిగురు రంగూ చెడుతుంది.
4. చేతులకు గ్లౌజులు ఉండాలి. ఇది విషం. మా అమ్మ ఆ మగ్గు మీద మార్కరుతో "విషం" అని రాసి, కింద గీత కూడా కొట్టి, వంటింటికి ఆమడ దూరంలో పెట్టించింది.

తెలుపులోకి కాస్త నీలి ఛాయ వస్తుంది. బొమ్మల వెనక అంతటా ఎరుపు పూస్తాం (దీన్నే ఎర్ర నేల అంటున్నాను) కాబట్టి ఇబ్బంది లేదు. బూజు పట్టిన గుడ్డను తుడిచి వాడటం కుదరదు, చుక్కలు మళ్లీ తేలతాయి. పట్టినంత మేర కోసి పడేశాను.

పగుళ్లకు కారణం పూత ఒక్కటే కాదు, చుట్టే కర్ర కూడా. రెండు అంగుళాల వెదురు బొంగుకు చుడితే, పాళ్లు సరిపోయిన పూత కూడా లోపలి చుట్టల్లో సన్నగా చిట్లింది. 4 అంగుళాల పీవీసీ గొట్టానికి చుట్టాక చిట్లడం ఆగింది. 10 అడుగుల గొట్టం రాణిగంజ్‌లో కొని, 44 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కోయించాను. బొమ్మ బయటి వైపుకు ఉండేలా చుట్టాలి. లోపలికి పెట్టి చుడితే రంగు పొర ముడుచుకుని, విప్పినప్పుడు గీతలు పడుతోంది. చుట్టకూ చుట్టకూ మధ్య పాత నూలు పంచె పరుస్తాను. పాలిథిన్ వేస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

ఖర్చు: మైలుతుత్తం 50, గొట్టం 780, నాలుగు మూతలు 180.
ఇప్పటిదాకా మొత్తం: 2,935 రూపాయలు.

దశ 3: మొదటి ఆరు బొమ్మలు

ఒక్కో బొమ్మ ఎత్తు 30 అంగుళాలు, అలాంటివి ఆరు. పైనా కిందా గొట్టాలకు చుట్టుకోవడానికి 18 అంగుళాల చొప్పున ఉత్త గుడ్డ. మొత్తం 216 అంగుళాలు.

మొదటి వరస ఇది: పెళ్లి. అద్దె గదిలో కాపురం. భర్త కొట్టడం. పుట్టింట్లో "సర్దుకుపో" అనడం. పోలీసులు రావడం. చివరికి ఆమె కుట్టుమిషన్ ముందు నవ్వుతూ కూర్చోవడం.

రంగులకు మొదట జాజు, పసుపు మట్టి, కాటుక మసి, నీలిమందు వాడి చూశాను. పగటి వెలుగులో కళ్లు తిప్పుకోలేం. ఎల్ఈడీ దీపం కింద జాజు ఇటుక పొడిలా చప్పబడిపోయింది. పైగా జిగురు రంగులకు తడి తగిలితే కారిపోతాయి, షెడ్డు రేకు నుంచి పడిన ఒక్క చుక్క రెండో బొమ్మలో పొయ్యి మీది గిన్నెను చెరిపేసింది. అందుకని ఎర్ర నేలకూ మనుషులకూ యాక్రిలిక్, నల్ల గీతకు మాత్రం మసి.

ఇంకో మార్పు రంగుకు సంబంధించినది కాదు. కథలో ఉన్నవి సంఘంలోని ఆడవాళ్లు చెప్పిన సంగతులు. వాళ్లు ఒప్పుకుని చెప్పారు, కానీ ఒప్పుకున్నంత మాత్రాన అచ్చు అలాగే గీసేయకూడదు. నీలం తలుపు, దాని పక్కన తులసి కోట గీస్తే, ఒకావిడ చూసి, "గిది మా ఇల్లని మా ఆయన ఒక్క చూపుల పట్టేస్తడు" అంది. తలుపు ఆకుపచ్చ చేశాను, తులసి కోట తీసేశాను. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను: చీర డిజైను, తలుపు రంగు, పిల్లల సంఖ్య, ఊరి పేరు, ఈ నాలుగూ ఎవరివీ ఉన్నవున్నట్టు పెట్టకూడదు. మూడిళ్ల సంగతులు కలిపి ఒక ఇల్లు గీస్తాను.

ఖర్చు: యాక్రిలిక్ రంగులు 1,150, కుంచెలు 320.
ఇప్పటిదాకా మొత్తం: 4,405 రూపాయలు.

దశ 4: వినాయక మండపం

స్టేజీ, కరెంటు, జనం మూడూ ముందే సిద్ధంగా ఉండే చోటు వినాయక మండపం. అడ్డగుట్ట వైపు ఒక బస్తీలో కమిటీ కుర్రాళ్లను అడిగితే, హారతి తర్వాత అర్ధగంట ఇచ్చారు. స్టాండు వెల్డింగు షాపులో చేయించాను: పై గొట్టం 6 అడుగుల ఎత్తులో, కింది గొట్టం 3 అడుగుల ఎత్తులో. ఒకసారికి ఒక బొమ్మే కనపడుతుంది, ముందు కూర్చున్న పిల్లల తలలు అడ్డురావు.

పనిముట్ల వైపు ఏం తేలిందంటే:

1. పై గొట్టం పటం బరువుకు తనంతట తానే తిరిగిపోయి, పెళ్లి నుంచి సరాసరి పోలీసుల దగ్గరికి జారింది. సైకిల్ ట్యూబు ముక్క బిగువుగా చుడితే ఆగింది.
2. ఎల్ఈడీ బ్యాటెన్లు రెండు, ఒక్కోటి 20 వాట్లు. ఎదురుగా పెడితే బొమ్మ మీద తెల్ల మెరుపు. రెండు పక్కలా 45 డిగ్రీల వాలులో పెట్టాలి.
3. 9 అంగుళాల మనుషులు 25 అడుగుల దూరానికి చీమలు. కొత్త బొమ్మల్లో 14 అంగుళాలు చేశాను.

అసలు సంగతి మూడో బొమ్మ దగ్గర జరిగింది. భర్త చెయ్యెత్తిన బొమ్మ, ఎర్ర నేల మీద. నకాషీ పటాల్లో ఆ ఎరుపు మామూలే. ఇక్కడ ఆ ఎరుపును నెత్తురనుకున్నారు, కొందరు అమ్మవారి కథేమో అనుకున్నారు. చిన్న పిల్లలు ఆ చెయ్యి ఎత్తడాన్ని అనుకరించి ఒకరినొకరు కొట్టుకుంటూ నవ్వారు. వెనక నుంచి ఒక పెద్దమనిషి, ఏ కోపమూ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు: "ఊకెనే ఎవడు కొడ్తడు? ఆమె ఏం జేసిందో చూపియ్యలే గదా."

పక్కన ఇద్దరు ఆడవాళ్లు కూడా తలూపారు. తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో కారణం ఊహించారు. కూర మాడిందని ఒకరు, ఫోనెక్కువ మాట్లాడి ఉంటుందని ఒకరు. నా కథ ఆగిపోయి, వాళ్ల పంచాయితీ మొదలైంది.

దీన్ని ఒక బస్తీ పోకడ అనుకోవడానికి లేదు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సరిగ్గా ఇలాంటి కారణాలనే ఒక జాబితాగా చదివి అడిగింది: చెప్పకుండా బయటికెళ్తే, ఇంటినీ పిల్లల్నీ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామలను గౌరవించకపోతే, పడకకు ఒప్పుకోకపోతే, అనుమానం వస్తే. వీటిలో ఒక్కదానికైనా భర్త కొట్టడం సరేనన్న ఆడవాళ్లు తెలంగాణలో దాదాపు 84 శాతం. కొట్టే బొమ్మ చూపించడమంటే ఆ జాబితాను జనం చేతికివ్వడమే. నేను ఎంత బాగా గీస్తే అంత బాగా కారణం వెతుకుతారు.

ఆ రాత్రి షెడ్డుకొచ్చి మూడో బొమ్మను కత్తిరించాలని నిర్ణయించాను. కొట్టేవాణ్నీ, దెబ్బ తినేదాన్నీ తీసేస్తే ఇంక మిగిలేది ఎవరు? వినేవాళ్లు. మండపంలో కూర్చున్నవాళ్లంతా వాళ్లే.

ఖర్చు: స్టాండు 1,600, బ్యాటెన్లు 520, వైరు 20 మీటర్లు 340.
ఇప్పటిదాకా మొత్తం: 6,865 రూపాయలు.

దశ 5: కోత, అతుకు

పాత బొమ్మ మీద సుద్ద పూసి కొత్తది గీయడం సులువనిపించింది. పనికిరాలేదు. ఎత్తిన చెయ్యి తెల్ల పూత కింద నుంచి నీడలా కనిపిస్తూనే ఉంది. ఇంకో పూత వేస్తే మందం పెరిగి చిట్లింది. మిగిలిన దారి కోసి అతికించడం.

1. రెండు అంగుళాలు మీదికి వేసి జిగురుతో అతికిస్తే అతుకు అట్టలా బిగిసి, గొట్టం మీద మడత పడింది.
2. మిషన్ కుట్టు వేస్తే వరసలో సన్నటి గట్టు లేచింది. లైటు పక్క నుంచి పడటంతో ఆ గట్టు నీడ బొమ్మకు అడ్డంగా గీత కొట్టింది.
3. నిలిచిన పద్ధతి: రెండు వైపులా అంగుళం మేర పూత వేయకుండా ఉత్త గుడ్డ వదలాలి. ఆ అంగుళం మీద అంగుళం వేసి జిగురుతో అతికించి, బరువు పెట్టి ఆరనివ్వాలి. పైన ఒకే ఒక్క పలుచని పూత. అతుకు ఎప్పుడూ రెండు బొమ్మల మధ్య వచ్చే నల్ల పట్టీ కిందికే రావాలి.

కొత్త మూడో బొమ్మ: రాత్రి, మూసిన తలుపు, గుమ్మం బయటికి దొర్లిన స్టీలు గ్లాసు. మనుషులు లేరు. ఆ ఇంటి నేల ఒక్కటే నలుపు, మిగతా వాడ ఎరుపు.

కొత్త నాలుగో బొమ్మ అదే వాడలోని నాలుగిళ్లు, లోపల దీపాలతో. ఒకింట్లో రిమోట్‌తో టీవీ సౌండు పెంచుతున్నారు. ఇంకో ఇంట్లో కిటికీ రెక్క వేస్తున్నారు. మూడో ఇంట్లో ఒకాయన కంచం ముందు ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. నాలుగో ఇంట్లో అందరూ పడుకున్నారు, ఒక పిల్ల మాత్రం కళ్లు తెరుచుకుని ఉంది. ఈ ఒక్క బొమ్మకు పట్టిన సమయం మిగతా అన్నింటికీ కలిపి పట్టలేదు. కంచం ముందున్నాయన ముఖం ఎన్నిసార్లు చెరిపినా మంచివాడిలాగో చెడ్డవాడిలాగో వస్తున్నాడు. చివరికి కనుగుడ్లు తలుపు వైపుకు, తల కంచం వైపుకు పెడితే కుదిరింది.

అన్నింటి మీదా మ్యాట్ వార్నిష్ ఒక చెయ్యి. గ్లాసీ కొనొద్దు, లైటు కింద బొమ్మ మాయమవుతుంది.

ఖర్చు: గుడ్డ 2 మీటర్లు 420, వార్నిష్ అర లీటరు 560.
ఇప్పటిదాకా మొత్తం: 7,845 రూపాయలు.

దశ 6: సంఘం గది

బోరబండ దగ్గర ఒక పొదుపు సంఘం మీటింగులో ఈ పటం విప్పాను. నాలుగో బొమ్మ రాగానే నవ్వులు లేచాయి. "గా టీవీ ఇల్లు నీదే గదనే" అని ఒకరంటే, "నాదే, అయితేంది, నువ్వు కిటికీ ఎయ్యలేవా" అని ఇంకొకరు. "ఆమె ఏం జేసింది" అని ఎవరూ అడగలేదు. బొమ్మలో ఆమె లేదు కదా, అడగడానికి.

ఐదో బొమ్మ పోలీసులు. ఇక్కడ కథ మళ్లీ కుంటుపడింది. "పోలీసోళ్లు వచ్చేదాంక ఆమె బతికుండాలె గద బిడ్డా" అంది ఒక పెద్దామె. మరి మీరేం చేస్తారని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆమే చెప్పింది: "గిన్నె పట్కొని పోతం. పాలు తోడేస్తున్న, జర పెరుగుందా వదినా అని తలుపు గొడ్తం. తలుపు తీసిండంటే చాలు, ఆడికి చెయ్యి దిగుతది."

మిగతావాళ్లు వరసగా అందుకున్నారు. పెరుగు తీసుకుని వెంటనే వెనక్కి రాకూడదట, గుమ్మంలోనే నిలబడి రేపటి నల్లా నీళ్ల టైము అడగాలట. ఒక్కరే వెళ్లకూడదట. మగవాళ్లు ఒంటరిగా పోతే కొట్లాటవుతుంది, అదీ కాకపోతే ఆమె మీదే అనుమానం పడుతుంది. ఇంట్లో అమ్మనో భార్యనో ముందు నడిపించి వెనకాల నిలబడాలి. తర్వాత బస్తీలో ఆరుబయట చెప్పినప్పుడు కుర్రాళ్లకు బాగా ఎక్కింది ఈ ముక్కే. వాళ్లకు చేయాల్సిన పని ఒకటి దొరికింది. ఇవన్నీ పుస్తకాల్లో వెతికితే నాకు దొరికేవి కావు.

పోలీసుల బొమ్మ కోసేసి ఐదో బొమ్మగా గిన్నె పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్లను పెట్టాను. ఒకరి చెయ్యి తలుపు మీద, ఇంకొకరి చేతిలో ఫోను. గిన్నెకు మాత్రం ఎర్ర నేల మీద తెల్లటి తెలుపు వాడాను. పటం మొత్తంలో దూరం నుంచి ముందు కంటపడేది అదే.

"మా ఇంటి ముచ్చట నీకెందుకు" అనే మాట ప్రతి చోటా వస్తుంది. దానికి కథలో ఒక జవాబు పెట్టాను. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని 4వ సెక్షన్ ప్రకారం హింస జరుగుతోందని నమ్మే కారణమున్న ఎవరైనా, ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ పడదు. అంటే పక్కింటివాళ్లకు ఆ ఇంటి ముచ్చట చెప్పే హక్కు చట్టమే ఇచ్చింది. భర్తా, అత్తింటివాళ్లూ పెట్టే హింసను నేరం చేసిన ఐపీసీ సెక్షన్ 498ఏ సంఘంలో చాలామందికి తెలుసు, నోటికి వచ్చు కూడా. 1983లో వచ్చిన ఆ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85 అయింది. కథలో ముందు 498ఏ అనే అంటాను, ఆ వెంటనే 85 చెప్తాను. ముందే 85 అంటే ఎవరికీ అర్థం కాలేదు.

మార్చకూడని నియమం ఒకటి ఉంది. కథ అయ్యాక ఎవరో ఒకరు స్టాండు దగ్గర మెల్లగా ఆగుతారు, సామాను సర్దుతుంటే సాయం చేస్తున్నట్టు. నేను బొమ్మలు వేసేదాన్ని, కౌన్సెలింగ్ చదివినదాన్ని కాను. అందుకని కౌన్సెలింగ్ తెలిసిన ఒకావిడ వెంట రాకపోతే పటం విప్పను. ఫొటోలు తీయనివ్వను, చూసేవాళ్లవి అసలే వద్దు. ఈ రెండింటి వల్ల తప్పిపోయిన కార్యక్రమాలున్నాయి, పోనీ.

ఖర్చు: గుడ్డ 2 మీటర్లు 420.
ఇప్పటిదాకా మొత్తం: 8,265 రూపాయలు. ఆటో ఛార్జీలు ఇందులో లేవు.

దశ 7: ఇంటి నంబరు 1-8-1

ఆఖరి బొమ్మలో కుట్టుమిషన్ ముందు నవ్వే మనిషిని ఎవరూ నమ్మలేదు, నేనూ నమ్మలేదు. ఆ చోట సాయం నంబరు, అంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉండాలి. దేశం మొత్తంలో శారీరక, లైంగిక హింసను ఎదుర్కొన్న ఆడవాళ్లలో ఎవరినైనా సాయం అడిగినవాళ్లు 14 శాతమేనని ఆ కుటుంబ ఆరోగ్య సర్వేనే చెబుతోంది. వాళ్లకు గుర్తుండాల్సింది మూడంకెలు.

ముందు చిన్న కార్డులు అచ్చేయిద్దామనుకున్నాను. కౌన్సెలింగ్ చేసే ఆవిడ వద్దంది. మహిళా హెల్ప్‌లైన్ కార్డు పర్సులో దొరికితే ఆ రాత్రి దానికే గొడవ. చేతికి ఏమీ ఇవ్వకుండా మనసులో పెట్టి పంపాలి. మన హైదరాబాద్‌లో ఇంటి నంబర్లన్నీ గీతల మధ్య అంకెలే కదా. గిన్నె పట్టుకుని వెళ్లిన ఆడవాళ్ల ఇంటి తలుపు మీద నీలం రేకు నంబరు ప్లేటు గీసి 1-8-1 అని రాశాను. పిల్లలు పెద్దగా చదివారు, నేను చెప్పమనకుండానే.

వెంటనే ఒక చిక్కు. కథ అయ్యాక ఒక ముసలామె నా దగ్గరికి వచ్చి, "గా ఇల్లు యాడుంది బిడ్డా? బోరబండలనేనా?" అని అడిగింది. ఎవరికో కావాలట. నంబరు ప్లేటు ఇంటి చిరునామాలాగానే ఉండిపోయింది, ఫోను నంబరని అందలేదు. మార్పులు:

1. ప్లేటు పక్కన గోడకు పాత కాలపు రిసీవర్ ఫోను తగిలించాను. సెల్‌ఫోను గీస్తే అద్దమో, సబ్బు పెట్టో అనుకున్నారు. రిసీవర్‌ను అందరూ గుర్తుపట్టారు.
2. అంకెల ఎత్తు 4 అంగుళాలు. పది అడుగుల దూరానికి అంగుళం చొప్పున లెక్కేస్తే వెనక వరసకు సరిపోతుంది.
3. కథ చివర గుమ్మం ముందు నిలబడి పిల్లలతోనే డయల్ చేయిస్తాను: ఒకటి, ఎనిమిది, ఒకటి. ప్రాణం మీదికొస్తే 112.
4. ఆడవాళ్లకు సాయం చేసే షీ టీమ్స్, భరోసా, సఖి కేంద్రాల పేర్లన్నీ ఒకేసారి చెప్తే ఒక్కటీ మిగలడం లేదు. అడిగినవాళ్లకు మాత్రం కౌన్సెలింగ్ ఆవిడ విడిగా చెబుతుంది. 2016లో నగరంలో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, వైద్యం, న్యాయ సలహా ఒకే చోట ఉంటాయన్న సంగతి చాలామందికి కొత్త.

తర్వాత అదే వాడలోకి వేరే పని మీద వెళ్తే, ఒక పిల్లాడు నన్ను చూసి "వన్ ఎయిట్ వన్ అక్కా" అని అరిచాడు. పక్కనున్న వాళ్ల నాన్న నా వైపు చూసి ఏమీ అనలేదు.

ఇప్పుడున్న స్థితి

పటం బరువు గొట్టాలతో కలిపి ఒక్కరు మోయగలిగినంతే, కానీ పొడవుతోనే ఇబ్బంది. కథ 12 నిమిషాలకు కుదించాను, అంతకు మించితే పొయ్యి మీద అన్నం గుర్తొచ్చి లేస్తారు. రెండో అతుకు దగ్గర సన్నటి గీత కనబడుతోంది, చలికాలం గడిస్తే గానీ అది పెరుగుతుందో ఆగుతుందో తెలియదు. వెనక వైపు బూజు మళ్లీ రాలేదు.

నల్లగొండ వైపు నుంచి ఒక టీచరమ్మ ఊళ్లకు తిప్పడానికి ఇంకో పటం కావాలని కొలతలు అడిగింది. ఆర్డినరీ బస్సులో 44 అంగుళాల గొట్టం పెట్టడానికి చోటుండదు. ఆమె కోసం 30 అంగుళాల పన్నాకు తగ్గిస్తున్నాను, గొట్టం 36 అంగుళాలకు దిగుతుంది, మనుషులు 12 అంగుళాలు. ఊళ్లో టీవీ ఇల్లూ, కిటికీ ఇల్లూ అలాగే ఉంటాయి. ఇంటి నంబరు ప్లేట్లు మాత్రం అక్కడ ఇక్కడిలా పనిచేయకపోవచ్చు, ఆటో వెనక రాసే అంకెల్లా రాద్దామా అని టీచరమ్మ అంటోంది. గుడ్డ ఉడుకు నీళ్లలో వేశాను. రేపు ఆరాక తరుగు కొలవాలి.